ఒకే పొట్టలో నాలుగు జబ్బులు: ఏది ముందు, ఏది తర్వాత?

గుండెల్లో మంటకు ఒక మాత్ర. తిన్నాక పొట్ట బిగుసుకుంటే ఇంకొకటి. మలబద్ధకానికి రాత్రిపూట ఒక పొడి, అది మోతాదు మించి పనిచేసిన రోజున విరేచనాలు ఆగడానికి మరొకటి. చేతిలో ఉన్న కాగితాలు చూస్తే జీఈఆర్‌డీ (జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్నడం) అని ఒకరు రాశారు, ఫంక్షనల్ డిస్పెప్సియా (పరీక్షల్లో ఏ లోపమూ కనిపించని పైపొట్ట బాధ) అని మరొకరు, ఐబీఎస్ (పొట్ట నొప్పితో మల విసర్జన తీరు మారిపోయే జబ్బు) అని ఇంకొకరు. శ్వాస పరీక్ష కూడా చేయించుకుని ఉంటే సిబో (చిన్నపేగులో బ్యాక్టీరియా అతిగా పెరగడం) అన్న పేరూ చేరి ఉంటుంది. పేర్లు పెరిగినకొద్దీ మందులు పెరుగుతాయి. మందులు పెరిగినకొద్దీ ఏ బాధ జబ్బు వల్ల, ఏ బాధ మందు వల్ల అన్నది తెలియకుండా పోతుంది.

ఈ స్థితిలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్న మార్గదర్శి ఇది. ఒక్క జబ్బే ఉన్నవాళ్లకు ఇంత పొడుగు అక్కర్లేదు. నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను: జబ్బులు కలగలిసినప్పుడు ఏ మందు మంచిది అని అడగడం కన్నా, దేన్ని ముందు పట్టుకోవాలి అని అడగడం ఎక్కువ పనికొస్తుంది. ఒకదానికి మేలు చేసేది ఇంకొకదానికి కీడు చేసే సందర్భాలు ఇక్కడ అడుగడుగునా ఉంటాయి.

అన్నీ ఒకరికే ఎందుకు?

నోటి నుంచి మలద్వారం దాకా ఉన్నది ఒకటే గొట్టం. దాని గోడల్లో సొంత నాడుల వల ఉంది. శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా అక్కడే తయారవుతుంది. ఆ నాడులు అతిగా స్పందించినా, కండరాల కదలిక గతి తప్పినా, దాని ప్రభావం ఒక్క చోట ఆగదు. పైన మంట, మధ్యలో ఉబ్బరం, కింద మలబద్ధకం అన్నీ కలిసి వస్తాయి. మనం ఆ గొట్టాన్ని భాగాలుగా చేసి ఒక్కో భాగానికి ఒక్కో జబ్బు పేరు పెట్టుకున్నాం. అందుకే జీఈఆర్‌డీ, డిస్పెప్సియా, ఐబీఎస్ ఒకరిలోనే కనిపించడం వింతేమీ కాదు, చాలా మామూలు. ఇలాంటి జబ్బులను గుర్తించడానికి అంతర్జాతీయ నిపుణులు 2016లో తెచ్చిన రోమ్-4 ప్రమాణాలు డిస్పెప్సియా, ఐబీఎస్ లాంటి వాటిని పేగుకీ మెదడుకీ మధ్య సంభాషణలో వచ్చే లోపాలుగా వర్ణించాయి. బాధ ఊహ అని దాని అర్థం కాదు. సాధారణ కదలికనే నాడులు నొప్పిగా మోసుకెళ్తున్నాయని అర్థం.

రెండో రకం కలయిక ఇంకా చిక్కు. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ లాంటి పేగు వాపు జబ్బులు అదుపులో ఉన్నవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి ఐబీఎస్ లాంటి బాధలు మిగులుతాయి. వాపు లేకపోయినా వాపు మందులు పెంచుకుంటూ పోవడం ఒక తప్పు. వాపు తిరగబెట్టినా ఐబీఎస్సేలే అని సర్దుకుపోవడం అంతకన్నా పెద్ద తప్పు.

మూడోది గొలుసు. మధుమేహం ఏళ్ల తరబడి ఉంటే జీర్ణాశయం నెమ్మదిస్తుంది, కదలిక నెమ్మదిస్తే చిన్నపేగులో బ్యాక్టీరియా పెరుగుతుంది, అది పెరిగితే బీ12 తగ్గుతుంది. పిత్తాశయం తీసేసిన కొందరికి పిత్త రసం పెద్దపేగులోకి ఎక్కువగా జారి నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. గట్టి విరేచనాల జబ్బు ఒకటి వచ్చి తగ్గాక నెలల తరబడి ఐబీఎస్ మిగిలిపోవడమూ ఉంది. మీది వీటిలో ఏ రకమో తేల్చుకోవడమే కింద చెప్పే మెట్ల ఉద్దేశం.

మొదటి మెట్టు: ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినవి

ఇది త్వరగా చెప్పేస్తాను, కానీ దీన్ని దాటేసి కిందివి చదవకండి. మలంలో రక్తం, తారులా నల్లటి మలం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, రక్తహీనత, మింగడం కష్టం కావడం, నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం, ఆగని వాంతులు, చేతికి తగిలే గడ్డ, 45 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన మార్పు, రక్త సంబంధీకుల్లో పెద్దపేగు క్యాన్సర్ గానీ సిలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) గానీ పేగు వాపు జబ్బు గానీ ఉండడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పథ్యాలూ డైరీలూ తర్వాత చూసుకోవచ్చు. బిళ్లల్లో ఇనుము ఉన్నా, బిస్మత్ ఉన్నా మలం నల్లబడుతుందన్న మాట నిజమే. అయినా ఆ తేడా తేల్చాల్సింది డాక్టరే.

రెండో మెట్టు: చరిత్రంతా ఒక్క కాగితం మీదికి

ఫైలు బరువుగా ఉంటే డాక్టరు ఎక్కువ చదువుతారనుకుంటాం. జరిగేది తలకిందులు. ఉన్న కొద్ది నిమిషాల్లో పై రెండు కాగితాలు తిరగేసి పక్కన పెడతారు. అందుకని మీరే ఒక పేజీ తయారు చేయండి.

ఎప్పుడు మొదలైంది, అంతకు ముందు ఏం జరిగింది (జ్వరం, యాంటీబయాటిక్, ఆపరేషన్, ప్రసవం, తీవ్రమైన ఒత్తిడి, కొత్త మందు) అన్నది పైన రాయండి. తర్వాత పరీక్షలు: తేదీ, ఫలితం, ఆ రోజు ఏ మందుల మీద ఉన్నారు. తర్వాత మందులు: పేరు, ఎంత మోతాదు, ఎన్ని వారాలు, ఏమైంది. "పనిచేయలేదు" అని ఊరుకోకండి. మూడు రోజులు వేసి మానేసిన మాత్ర, రెండు నెలలు సరిగ్గా వేసినా ఫలితం ఇవ్వని మాత్ర ఒకటి కావు. దుష్ఫలితం వచ్చి మానేస్తే అది మూడో రకం. ఈ తేడా రాయకపోవడం వల్లే, సరిగా ప్రయత్నించని మంచి మందులు చాలామందికి శాశ్వతంగా దూరమైపోతాయి.

చివర ఒకే ఒక్క వాక్యం: ఈ బాధల్లో ఒక్కటి మాత్రమే తగ్గుతుందంటే ఏది తగ్గాలని కోరుకుంటారు? ఈ వాక్యం రాయడం అనుకున్నంత తేలిక కాదు. అయినా డాక్టరుకు మీరు ఇవ్వగలిగిన అతి ముఖ్యమైన సమాచారం ఇదే.

మూడో మెట్టు: రెండు వారాల డైరీ, అంతే

నెలల తరబడి డైరీ రాసేవాళ్లుంటారు. రెండు వారాలు దాటితే అది సమాచారం ఇవ్వడం మానేసి భయాన్ని పెంచుతుందని నా అభిప్రాయం. ఆ రెండు వారాలూ మాత్రం శ్రద్ధగా రాయండి: తిన్న వేళ, బాధ వచ్చిన వేళ, ఎక్కడ, ఎంతసేపు, మల విసర్జన తర్వాత తగ్గిందా పెరిగిందా, నిద్ర, నెలసరి రోజులు. మలం ఎలా ఉందో వర్ణించడానికి మొహమాటం అక్కర్లేదు. బ్రిస్టల్ పట్టికలో ఏడు రకాలున్నాయి. గట్టి ఉండలుగా ఉంటే ఒకటి, పూర్తిగా నీళ్లుగా ఉంటే ఏడు, మూడూ నాలుగూ ఆరోగ్యకరం. అంకె రాస్తే చాలు.

డైరీలో వెతకాల్సింది పదార్థాల పేర్లకన్నా ముందు వేళలు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతే అది జీర్ణాశయం సంగతి. తిన్న గంటన్నర, రెండు గంటల తర్వాత పొట్ట ఉబ్బుతూ పోతే పేగుల్లో పులియడం గురించి ఆలోచించాలి. తిన్న కొద్ది నిమిషాలకే మలానికి పరుగెత్తాల్సి వస్తే, తిన్నది అప్పటికి పెద్దపేగు దాకా చేరనే లేదు. ఆహారం పడగానే పెద్దపేగు కదలడం సహజమైన ప్రతిచర్య, మీలో అది అతిగా ఉంది. అప్పుడు ఆ పూట తిన్న పదార్థాన్ని నిందించి మానేయడంలో అర్థం లేదు.

నాలుగో మెట్టు: ప్రతి పేరునూ నిలదీయడం

మీ జాబితాలోని ఒక్కో జబ్బు పక్కన "ఎలా తేలింది?" అని రాసుకోండి. పరీక్షలో తేలినవి, లక్షణాలు విని పెట్టినవి, మందు వేసి చూద్దామని అనుకున్నవి అని మూడు రకాలు బయటపడతాయి. మూడో రకం పేర్లు కొన్నాళ్లకు రుజువైనట్టు చలామణీ అవుతుంటాయి.

ఐబీఎస్. రోమ్-4 ప్రకారం గత మూడు నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా పొట్ట నొప్పి ఉండాలి, అది మల విసర్జన, దాని సంఖ్య మారడం, మలం తీరు మారడం అనే మూడింటిలో కనీసం రెండింటితో ముడిపడి ఉండాలి, మొదలై కనీసం 6 నెలలు కావాలి. నొప్పే లేకుండా ఉబ్బరం మాత్రమే ఉంటే ఆ పేరు సరిపోదు.

సిలియాక్. ఉబ్బరం, విరేచనాలు ఉన్నవాళ్లలో దీన్ని తప్పక చూడాలి. రక్తంలో టీటీజీ-ఐజీఏ అనే యాంటీబాడీతోపాటు మొత్తం ఐజీఏ కూడా చూడాలి. ఐజీఏయే తక్కువ ఉన్నవాళ్లలో మొదటి పరీక్ష అబద్ధం చెబుతుంది. ఇక్కడ తరచూ జరిగే నష్టం ఒకటుంది: పరీక్షకు ముందే గోధుమలు మానేయడం. గ్లూటెన్ తింటున్నప్పుడే ఈ పరీక్షకు విలువ. మానేశాక రిపోర్టు మామూలుగా వచ్చినా అది ఏమీ తేల్చదు.

హెచ్. పైలోరీ. జీర్ణాశయంలో చేరి అల్సర్లు తెచ్చే బ్యాక్టీరియా ఇది. శ్వాస పరీక్ష గానీ మల పరీక్ష గానీ చేయించుకునే ముందు ఆమ్లం తగ్గించే పీపీఐ మందులు 2 వారాలు, యాంటీబయాటిక్స్ 4 వారాలు ఆపి ఉండాలి. చికిత్స అయ్యాక అది పోయిందో లేదో మళ్లీ చూడాలి. చాలామంది ఈ రెండో పరీక్ష వదిలేస్తారు. ఒకప్పుడు అల్సర్లన్నీ ఒత్తిడి ఖాతాలోనే ఉండేవి. 1984లో బ్యారీ మార్షల్ ఈ బ్యాక్టీరియాను స్వయంగా తాగి జబ్బు తెచ్చుకుని చూపించాడు, 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. "నీ బాధంతా టెన్షన్" అని ఎవరన్నా తేల్చేస్తే గుర్తుంచుకోదగ్గ కథ.

పేగు వాపు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ చూస్తే వాపు ఉందో లేదో చాలావరకు తెలుస్తుంది. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే వాపు జబ్బు ఉండే అవకాశం తక్కువ. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు దీన్ని పెంచుతాయి కాబట్టి ఒక్కసారి కాస్త ఎక్కువ వచ్చిందని బెంబేలు పడక్కర్లేదు, మళ్లీ చేయిస్తారు.

సిబో. శ్వాస పరీక్షలో 90 నిమిషాల్లోపు హైడ్రోజన్ 20 పీపీఎమ్ పెరిగితే సిబో అంటారు. మీథేన్ ఎప్పుడైనా 10 పీపీఎమ్ దాటితే అది మలబద్ధకంతో ముడిపడ్డ వేరే సమస్య. లాక్టులోజ్ అనే చక్కెర తాగించి చేసే పరీక్షకు ఒక బలహీనత ఉంది. పేగులు వేగంగా కదిలేవాళ్లలో ఆ చక్కెర పెద్దపేగుకు త్వరగా చేరిపోతుంది, అక్కడ ఉండాల్సిన బ్యాక్టీరియానే దాన్ని పులియబెట్టినా సిబో అన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి ఈ ఒక్క రిపోర్టు పట్టుకుని యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ వాడుకుంటూ పోవద్దు.

గ్యాస్ట్రోపరేసిస్. అంటే జీర్ణాశయం మరీ మెల్లగా ఖాళీ కావడం. అది ఖాళీ అయ్యే తీరు చూసే స్కాన్ 4 గంటలు నడవాలి. చివర 10 శాతం కన్నా ఎక్కువ ఆహారం మిగిలి ఉంటే ఆలస్యం అని లెక్క. రెండు గంటల్లో ముగించిన స్కాన్‌ను అంతగా నమ్మలేం. నల్లమందు జాతి నొప్పి మందులు, బరువు తగ్గడానికీ మధుమేహానికీ వాడే జీఎల్‌పీ-1 ఇంజెక్షన్లు ఇదే ఫలితాన్ని సృష్టించగలవు. ఇంకో సంగతి: ఫంక్షనల్ డిస్పెప్సియా, గ్యాస్ట్రోపరేసిస్ మధ్య గీత చాలా పలచన. ఏడాది తర్వాత మళ్లీ స్కాన్ చేస్తే అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు మారడం పరిశోధనల్లో కనిపించింది. ఆ పేరు మారినప్పుడల్లా కుంగిపోకండి.

గుండెల్లో మంట. పీపీఐ మాత్రను భోజనానికి 30 నుంచి 60 నిమిషాల ముందు వేయాలి. భోజనం తర్వాతో, పడుకునే ముందో వేసుకుని పనిచేయడం లేదనేవాళ్లు చాలామంది. సరిగ్గా వేసినా 8 వారాల్లో మార్పు లేకపోతే మోతాదు పెంచుకుంటూ పోవడం కన్నా 24 గంటల ఆమ్ల పరీక్ష అడగడం మేలు. ఆమ్లం మామూలుగానే ఉండి అన్నవాహిక నాడులు అతిగా స్పందించే రకం ఒకటుంది. దానికి మందులే వేరు.

నడుము అడుగు కండరాలు. మలబద్ధకం అనగానే అందరూ పొడులు ఇస్తారు, ఈ కోణం మాత్రం ఎక్కువసార్లు మరుగున పడుతుంది. మలం మెత్తగా ఉన్నా ముక్కాల్సి వస్తోందా? వెళ్లొచ్చాక ఇంకా మిగిలిందనిపిస్తోందా? వేలితో సాయం చేసుకోవాల్సి వస్తోందా? అయితే ముక్కేటప్పుడు సడలాల్సిన కండరాలు బిగుసుకుంటున్నాయేమో చూడాలి. మలద్వారంలో ఒత్తిడి కొలిచే మానోమెట్రీ, బెలూన్ పరీక్షల్లో ఇది తేలుతుంది. కండరాల కదలికను తెర మీద చూస్తూ సడలించడం నేర్చుకునే బయోఫీడ్‌బ్యాక్ శిక్షణతో చాలామందికి నయమవుతుంది. తలుపు మూసి ఉన్నప్పుడు వెనక నుంచి ఎంత నెట్టినా ఏం లాభం, లాక్సేటివ్‌ల సంగతీ అంతే.

నీళ్ల విరేచనాలే ప్రధాన బాధ అయితే పిత్త రసం, లాక్టోజ్, క్లోమం ఈ మూడింటినీ అడగండి. క్లోమం కోసం మలంలో ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ చూస్తారు. గ్రాముకు 200 మైక్రోగ్రాముల లోపు ఉంటే అనుమానించాలి, అయితే మలం మరీ నీళ్లగా ఉంటే అంకె దొంగగా తగ్గిపోతుంది. థైరాయిడ్ పరీక్ష గురించి కూడా ఒకసారి అడగండి.

డబ్బు దండగ పరీక్షలూ ఉన్నాయి. వందల పదార్థాలకు ఐజీజీ అనే యాంటీబాడీ చూసి "ఇవి మీకు పడవు" అని జాబితా ఇచ్చే రక్త పరీక్షను అలర్జీ నిపుణుల సంఘాలు సిఫారసు చేయడం లేదు. ఐజీజీ ఉందంటే ఆ పదార్థం మీరు తిన్నారని మాత్రమే అర్థం.

ఐదో మెట్టు: మందుల డబ్బా తనిఖీ

కొత్త మందు అడిగే ముందు పాతవి చూడాలి. మెట్‌ఫార్మిన్ విరేచనాలు తెస్తుంది. ఇనుము, బీపీకి వాడే కొన్ని కాల్షియం చానల్ మందులు మలబద్ధకం తెస్తాయి. ఆ బీపీ మందులే మంటనూ పెంచవచ్చు. మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్ విరేచనం చేస్తే, అల్యూమినియం ఉన్నది బిగిస్తుంది. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు జీర్ణాశయం గోడను గాయపరుస్తాయి. నల్లమందు జాతి మందులు దీర్ఘకాలం వాడితే పొట్ట నొప్పిని అవే పెంచే స్థితి వస్తుంది. చక్కెర లేని చూయింగ్ గమ్‌లోని సార్బిటాల్ కూడా ఈ జాబితాలోకి వస్తుంది. ఏదీ సొంతంగా ఆపేయకండి. జాబితా చూపించి, మార్చదగ్గవి ఏవో అడగండి. పీపీఐ హఠాత్తుగా మానేస్తే కొన్ని వారాలు ఆమ్లం ఎదురుతిరిగి పొంగుతుంది, జబ్బు తిరగబెట్టిందని పొరబడతారు. దాన్ని మెల్లగా తగ్గించాలి.

ఆరో మెట్టు: వరుస పెట్టడం

అసలు కష్టమంతా ఇక్కడే. ఒకదాని మందు ఇంకొకదానికి ఎలా అడ్డుపడుతుందో చూడండి.

గ్యాస్ట్రోపరేసిస్ ఉంటే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినమంటారు. చిన్నపేగు మాత్రం ఖాళీగా ఉన్నప్పుడే, సుమారు 90 నుంచి 120 నిమిషాలకోసారి, తనను తాను ఊడ్చుకునే అల నడుపుతుంది. ఎప్పుడూ ఏదో ఒకటి నములుతుంటే ఆ అల రాదు, సిబోకు దారి దొరుకుతుంది. రెండూ ఉన్నవాళ్లకు మధ్యేమార్గం రోజుకు నాలుగైదు చిన్న భోజనాలు, వాటి మధ్య నీళ్లు తప్ప ఏమీ తీసుకోని మూడు గంటలు, రాత్రి పొడుగాటి విరామం. మధుమేహానికి ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం ఈ విరామాల గురించి ముందు డాక్టరుతో మాట్లాడాలి.

పీచు మలబద్ధకానికి మంచిది. జీర్ణాశయం నెమ్మదిగా ఉన్నవాళ్లలో అదే పీచు లోపల పేరుకుంటుంది. ఐబీఎస్‌కు ఇసబ్గోల్ లాంటి కరిగే పీచు సాయపడుతుంది, గోధుమ తవుడు ఉబ్బరం పెంచుతుంది. పుదీనా నూనె గుళికలు పేగు నొప్పిని తగ్గిస్తాయి, అన్నవాహిక అడుగున ఉన్న కవాటాన్నీ సడలించి మంట పెంచుతాయి. నాడుల నొప్పికి ఇచ్చే తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్ నొప్పిని, విరేచనాలను తగ్గిస్తుంది, మలబద్ధకాన్ని మాత్రం ముదరబెడుతుంది. పీపీఐ మంటను ఆపుతుంది, దీర్ఘకాలం వాడితే పైపేగులో బ్యాక్టీరియా పెరగడానికి వీలు కల్పిస్తుంది. పిత్త విరేచనాలకు ఇచ్చే కొలెస్టిరమిన్ ఇతర మందులనూ పట్టేసుకుంటుంది. కాబట్టి మిగతావి దానికి గంట ముందు, లేదా 4 నుంచి 6 గంటల తర్వాత వేసుకోవాలి.

ఇన్ని చిక్కుల మధ్య ఒక వరుస సూచిస్తాను. శరీరాన్ని నిజంగా దెబ్బతీసేవి ముందు: వాపు, సిలియాక్, ఇన్‌ఫెక్షన్, రక్తహీనత. అవి తేలకుండా మిగతావాటి జోలికి పోవద్దు. ఆ తర్వాత, నా మటుకు, మలబద్ధకం. మంటే ఎక్కువ బాధ పెడుతున్నా ఇదే ముందు. పెద్దపేగు నిండి ఉంటే జీర్ణాశయం కూడా నెమ్మదిస్తుంది, ఉబ్బరం తగ్గదు, ఏ పథ్యం ఫలితమూ తేలదు. గట్టి మలం చుట్టూ నీళ్లు జారుతుంటే దాన్ని విరేచనాలనుకుని, వాటిని ఆపే లోపెరమైడ్ వేసుకునేవాళ్లూ ఉన్నారు, దాంతో పరిస్థితి ఇంకా బిగుస్తుంది. మలాన్ని మెత్తబరిచే పాలీఎథిలీన్ గ్లైకాల్ లాంటి పొడి రోజూ, పాదాల కింద చిన్న పీట, పొద్దున తిన్న తర్వాత తొందర లేని పది నిమిషాలు. ముందు ఇది కుదుటపడాలి.

దాని తర్వాత పైభాగం. మంటకు పీపీఐ సరైన వేళకు, పడకకు 3 గంటల ముందే భోజనం, మంచం తలవైపు 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తు, ఎడమవైపు తిరిగి పడుకోవడం. జీర్ణాశయాన్ని కదిలించే మందులకు గట్టి జాగ్రత్త కావాలి. మెటోక్లోప్రమైడ్ 12 వారాలు మించితే ముఖ కండరాలు వాటంతటవే కదిలే జబ్బు రావచ్చు, డోంపెరిడోన్‌కు ముందు ఈసీజీ అవసరం కావచ్చు. సిబో నిజంగానే తేలితే యాంటీబయాటిక్ ఈ దశలో వస్తుంది. కదలిక సరిచేయకుండా ముందే వాడితే తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది.

ప్రతి మార్పుకూ గడువు ముందే రాసుకోండి. పీపీఐకి 8 వారాలు, అమిట్రిప్టిలిన్‌కు కనీసం 6 నుంచి 8 వారాలు, ప్రొబయాటిక్ వాడితే ఒకటే రకం 12 వారాల లోపు. ఒకసారి ఒకటే మార్చండి. సోమవారం కొత్త మాత్ర, మంగళవారం కొత్త పథ్యం మొదలుపెడితే గురువారం తగ్గిన ఉబ్బరానికి ఎవరికి దండం పెట్టాలో తెలియదు.

ఏడో మెట్టు: ఆహారం, కుదించుకుపోకుండా

ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న తక్కువ ఫాడ్‌మ్యాప్ పథ్యం ఐబీఎస్‌కు బాగా పరిశీలించిన మార్గం. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, కొన్ని పప్పులు, పాలు, కొన్ని పండ్లలో ఉండే త్వరగా పులిసే పిండిపదార్థాలను తగ్గించడమే దీని సూత్రం. దీనికి మూడు దశలున్నాయి. చాలామంది మొదటి దశలోనే ఏళ్లు గడిపేస్తారు. మానేసే దశ 2 నుంచి 6 వారాలు మాత్రమే. ఆ తర్వాత ఒక్కో వర్గాన్ని మూడేసి రోజులు, కొద్దిగా మొదలుపెట్టి పెంచుతూ తిని చూడాలి. చివరికి మీకు పడనివి, పడినా ఎంతవరకు పడతాయో తెలిసి, మిగతావన్నీ తిరిగి పళ్లెంలోకి రావాలి. 6 వారాల్లో మార్పే లేకపోతే పథ్యం మీకు పనిచేయలేదు, మానేయండి.

బరువు ఇప్పటికే తక్కువున్నవాళ్లు, తిండి అంటే భయం పట్టుకున్నవాళ్లు ఈ పథ్యం జోలికి పోవద్దు. జబ్బుకొకటి చొప్పున నాలుగు పథ్యాలు కలిపి పాటిస్తే తినడానికి మిగిలేది ఏమీ ఉండదు. ఒక్క డైటీషియన్ ఆ నాలుగింటినీ చూసి ఒకటే పట్టిక ఇవ్వాలి. మీరు తినే పదార్థాల సంఖ్య నెలనెలా తగ్గుతూ పోతోందంటే దాన్నే ఒక కొత్త జబ్బు లక్షణంగా డాక్టరుకు చెప్పండి.

ఎనిమిదో మెట్టు: నాడులకు మందు

ఈ మెట్టు దగ్గర చాలామంది నొచ్చుకుంటారు. "డిప్రెషన్ మాత్ర రాశారంటే నా నొప్పిని నమ్మలేదన్నమాట" అనుకుంటారు. అమిట్రిప్టిలిన్ డిప్రెషన్‌కు వాడే మోతాదు దీనికి ఎన్నో రెట్లు. పేగు నొప్పికి 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 30 దాకా వెళ్తారు, అది నొప్పి సంకేతాలను తగ్గించడానికి. 2023లో వచ్చిన అట్లాంటిస్ అనే బ్రిటిష్ అధ్యయనంలో ఐబీఎస్ ఉన్నవాళ్లకు 6 నెలలకు డమ్మీ మాత్ర కన్నా ఇది మెరుగ్గా పనిచేసింది. మలబద్ధకం ప్రధానంగా ఉంటే వేరే రకం నాడీ మందు అడగాలి.

మందులు వద్దనుకుంటే పేగు జబ్బుల కోసం రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల, అలవాట్ల తీరు మార్చే చికిత్స), పేగుకు గురిపెట్టిన హిప్నోథెరపీ ఉన్నాయి. రెండింటికీ పరిశోధనల ఆధారం ఉంది. ఎడతెగని త్రేన్పులకు, తిన్నది వెంటనే నోట్లోకి వచ్చే బాధకు పొట్టతో ఊపిరి తీసుకునే సాధన మాత్రల కన్నా ముందు చేయాల్సింది.

తొమ్మిదో మెట్టు: తాళం చెవులన్నీ ఒకరి చేతిలో

నలుగురు నిపుణులకు చూపించుకున్నా, మొత్తం జాబితా చూసే డాక్టరు ఒక్కరుండాలి. ఆ ఒక్కరు గ్యాస్ట్రోఎంటరాలజిస్టే కానక్కర్లేదు. ఓపికగా వినే కుటుంబ వైద్యులైనా చాలు. కలిసినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ఈ బాధకు కారణమని మీరు అనుకుంటున్నది ఏమిటి? ఈ మందు పనిచేసిందో లేదో ఎన్నాళ్లకు తేలుతుంది? పనిచేయకపోతే తర్వాతి అడుగు ఏమిటి? మూడో ప్రశ్నకు జవాబు ఉంటే ఆ డాక్టరును వదలకండి. జవాబు లేకుండా ప్రతిసారీ ఇంకో మాత్ర కలుపుతూ పోతుంటే మరొకరి అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు. అయితే డాక్టరు మారినప్పుడల్లా పరీక్షలన్నీ మొదటి నుంచి చేయించుకోకండి, ఆ ఒక్క పేజీ పట్టుకెళ్లండి.

పదో మెట్టు: తిరగబెట్టిన రోజులకూ, ఆ తర్వాతి ఏళ్లకూ

బాగున్న రోజునే ఒక చీటీ రాసి పెట్టుకోండి: బాధ పెరిగితే మూడు రోజులు ఏం తినాలి, ఏ మందు ఎంతవరకు పెంచవచ్చు, ఎవరికి ఫోన్ చేయాలి. పొట్ట ఉబ్బి వాంతులవుతూ గ్యాస్ కూడా పోకపోతే, ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోతే, రక్తం పడితే, కళ్లు తిరిగి పడిపోతే ఆ చీటీ పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి.

ఏడాదికోసారి బీ12, ఇనుము, విటమిన్ డీ, బరువు చూసుకోవాలి. సిలియాక్ ఉంటే టీటీజీ తగ్గుతోందో లేదో చూడాలి. పెద్దపేగు వాపు మొదలై 8 ఏళ్లు అయితే క్యాన్సర్ నిఘా కోసం కొలనోస్కోపీలు మొదలవుతాయి. జబ్బుల జాబితా పొడుగ్గా ఉన్నవాళ్లలో కొత్త బాధ వస్తే దాన్ని కూడా పాతవాటి ఖాతాలో వేసేయడం డాక్టర్లకూ, రోగులకూ అలవాటైపోతుంది. పదేళ్లుగా ఐబీఎస్ ఉన్నా సరే, నొప్పి చోటు మారినా, తీరు మారినా, మొదటి మెట్టులోని సూచన ఏదైనా కనిపించినా అది కొత్త కేసే. 45 లేదా 50 ఏళ్లకు అందరికీ చేయమనే పెద్దపేగు స్క్రీనింగ్ ఐబీఎస్ ఉన్నవాళ్లకూ అదే వయసులో చేయాలి. అంతకు పదేళ్ల ముందు చేసిన కొలనోస్కోపీ రిపోర్టు దానికి బదులు కాదు.